రెండో క్యాచర్ బ్రూస్ బోచీ

(వ్యాయామ విద్య విద్యార్థులు, జిల్లా స్థాయి కోచ్‌ల శిక్షణ శిబిరంలో ఒక క్రీడా పాత్రికేయుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. భోజనానికి ముందు ఆఖరి ప్రసంగం నాదే అని తెలుసు. వీలైనంత త్వరగా ముగిస్తాను.

ఇవాళ నేను చెప్పబోయే మనిషి అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 9 సీజన్లు ఆడాడు. అక్కడ ఒక్కో జట్టు ఏడాదికి 162 ఆటలు ఆడుతుంది. అంటే ఆయన జట్లు మొత్తం 1,450 పైచిలుకు ఆటలు ఆడి ఉంటాయి. అందులో ఈయన మైదానంలోకి దిగినవి 358. మిగతా వెయ్యికి పైగా ఆటలు ఆయన బెంచీ మీద కూర్చునో, ఊళ్లు మారుతూ కింది స్థాయి అయిన మైనర్ లీగ్‌లో తిరుగుతూనో గడిపాడు. బ్యాటింగ్ సగటు 0.239. బేస్‌బాల్ తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, అది "పర్లేదు" అనిపించుకునే అంకె కూడా కాదు. పేరు బ్రూస్ బోచీ. ఆటగాడిగా ఆయన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. మేనేజర్‌గా మాత్రం వరల్డ్ సిరీస్, అంటే ఆ లీగ్ ఫైనల్, నాలుగుసార్లు గెలిచాడు. 2010, 2012, 2014ల్లో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌తో, 2023లో టెక్సస్ రేంజర్స్‌తో. వందేళ్లు దాటిన ఆ టోర్నీ చరిత్రలో నాలుగు గానీ అంతకన్నా ఎక్కువ గానీ గెలిచిన మేనేజర్లు ఆరుగురే. (మనం హెడ్ కోచ్ అనేవాణ్ని వాళ్లు మేనేజర్ అంటారు. కోచ్‌లు అతని కింద పనిచేస్తారు.)

డాలస్ దగ్గర ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో మీ అన్నయ్యో బాబాయో ఉంటే ఈ పేరు వినే ఉంటారు. రేంజర్స్ టెక్సస్‌కి వచ్చింది 1972లో. తొలి టైటిల్ కోసం వాళ్లు 2023 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ టైటిల్ తెచ్చిపెట్టింది ఈయనే.

సరే, క్యాచర్ అంటే ఎవరు? మన వికెట్ కీపర్‌లాంటివాడే అని సులువుగా చెప్పేస్తాం. ఒక పెద్ద తేడా ఉంది. క్రికెట్‌లో ఏ బంతి వేయాలో బౌలర్ నిర్ణయించుకుంటాడు, కీపర్ అందుకుంటాడు. బేస్‌బాల్‌లో ఏ బంతి వేయాలో ముందు అడిగేది క్యాచర్. కాళ్ల మధ్య వేళ్లతో సైగ చేసి ఫాస్ట్‌బాలా, కర్వా, లోపలికా, బయటికా అని చెప్తాడు. పిచర్‌కి, అంటే బంతి వేసేవాడికి, నచ్చకపోతే తల అడ్డంగా ఊపుతాడు, అప్పుడు ఇంకో సైగ. 2022 నుంచి సైగల బదులు బటన్లు నొక్కే పరికరం వచ్చింది. పని మాత్రం అదే. పైగా మైదానంలో మిగతా ఎనిమిది మంది బ్యాటర్ వైపు చూస్తుంటే, మైదానం అంతటినీ ఎదురుగా చూసేది క్యాచర్ ఒక్కడే.

ఇంత పని రోజూ చేస్తే మోకాళ్లు నిలవవు. ఆటకి 130, 140 సార్లు గొంతుక్కూర్చుని లేవాలి, మాస్కు, ఛాతీ కవచం, కాళ్లకి గార్డులు వేసుకుని, మండుటెండలో. అందుకే ప్రతి జట్టులో రెండో క్యాచర్ తప్పనిసరి. రాత్రి ఆట ఆడి మర్నాడు మధ్యాహ్నమే ఇంకో ఆట ఉందనుకోండి, అది రెండో క్యాచర్ ఆట. మిగతా రోజుల్లో అతని పని బుల్‌పెన్‌లో. పిచర్లు వార్మప్ చేసేచోటు అది. అక్కడ వాళ్ల బంతులు పట్టాలి, ఎవరి చెయ్యి ఎలా ఉందో చూడాలి, ఎదుటి జట్టు బ్యాటర్ల గురించి జరిగే మీటింగుల్లో కూర్చోవాలి. టీవీలో కనిపించడు, జీతం మాత్రం వస్తుంది. (నవ్వులు)

మన దగ్గర ఇలాంటి కష్టం తెలిసినవాడు విశాఖపట్నం కుర్రాడు కె.ఎస్. భరత్. 2021 కాన్పూర్ టెస్టులో కీపర్ సాహాకి మెడ పట్టేస్తే, తుది జట్టులో లేని భరత్ సబ్‌స్టిట్యూట్‌గా గ్లవ్స్ వేసుకుని దిగాడు. స్పిన్ తిరిగే పిచ్ మీద, అప్పటికప్పుడు. చక్కగా చేశాడు. అయినా స్కోర్‌కార్డులో క్యాచ్ పక్కన సబ్‌స్టిట్యూట్ అనే ఉంటుంది.

బోచీ సంగతికి వద్దాం. 1955లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. నాన్న అమెరికా సైన్యంలో ఉద్యోగి, అప్పట్లో అక్కడ పోస్టింగ్. పెరిగింది ఫ్లోరిడాలో. 1975లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు తీసుకుంది, 1978లో మేజర్ లీగ్‌కి ఎక్కాడు. ఆ తర్వాత న్యూయార్క్ మెట్స్, ఆపైన 1983 నుంచి 1987 దాకా శాన్ డియాగో పాడ్రేస్. తల చాలా పెద్దది. టోపీ సైజు ఎనిమిది దాటుతుంది. మెట్స్‌కి వెళ్లినప్పుడు ఆ తలకి పట్టే హెల్మెట్ వాళ్ల దగ్గర లేకపోతే, మైనర్ లీగ్‌లో ఆయన వాడినదాన్ని తెప్పించారట. ఆటగాడిగా బోచీ గురించి జనం చెప్పుకునే కథల్లో సగం ఆ తల గురించే. ఇంకో కథ 1985 నాటిది. నోలన్ రయన్ అంతటి పిచర్ బంతిని హోమ్ రన్ (మన సిక్సర్‌లాంటిది) కొట్టి ఆట ముగించాడు. 1984లో పాడ్రేస్ వరల్డ్ సిరీస్‌కి వెళ్తే ఆయనకి బ్యాటింగ్ అవకాశం ఒక్కసారే వచ్చింది, హిట్ కొట్టాడు. అక్కడికి రికార్డు సమాప్తం.

1980లో జరిగిన ఒక సంఘటన మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. ఆస్ట్రోస్, ఫిలడెల్ఫియా ఫిలీస్ మధ్య ఐదు ఆటల ప్లేఆఫ్. గెలిచినవాళ్లు వరల్డ్ సిరీస్‌కి. ఆస్ట్రోస్ 2-1 ఆధిక్యంలో ఉంది. నాలుగో ఆట మామూలు తొమ్మిది ఇన్నింగ్స్ దాటి పదో ఇన్నింగ్స్‌కి వెళ్లింది. క్యాచర్ స్థానంలో అప్పుడున్నది బోచీ. ఫిలీస్ ఆటగాడు పీట్ రోజ్ ఫస్ట్ బేస్ నుంచి పరుగు మొదలుపెట్టి ఆగకుండా హోమ్ దాకా, అంటే క్యాచర్ కాపలా కాసే చోటి దాకా, వచ్చాడు. అక్కడికి చేరితేనే పరుగు. బంతీ, మనిషీ దాదాపు ఒకేసారి వచ్చారు. రోజ్ మోచెయ్యి ముందుకి పెట్టి బోచీని గుద్దేశాడు. బంతి నిలవలేదు, పరుగు వచ్చింది, ఆట పోయింది, మర్నాడు సిరీస్ కూడా పోయింది. అప్పటి నిబంధనల ప్రకారం అందులో తప్పేమీ లేదు. దారికి అడ్డంగా క్యాచర్ ఉంటే గుద్దడం ఆటలో భాగం.

ముప్పై ఏళ్లు ముందుకి రండి. 2011 మే 25. జెయింట్స్ మేనేజర్‌గా బోచీ డగౌట్‌లో ఉన్నాడు. ఆయన యువ క్యాచర్ బస్టర్ పోసీ, అంతకుముందు ఏడాదే రూకీ ఆఫ్ ది ఇయర్ (ఏడాదిలో మేటి కొత్త ఆటగాడు). పన్నెండో ఇన్నింగ్స్‌లో మార్లిన్స్ రన్నర్ వచ్చి గుద్దితే పోసీ కాలి ఎముక విరిగింది, చీలమండ లిగమెంట్లు తెగాయి. సీజన్ అక్కడితో అయిపోయింది. క్యాచర్లని కాపాడే రూల్ కావాలని గట్టిగా అడిగినవాళ్లలో బోచీ ఒకరు. "ఇదేం ఆట, మరీ సుకుమారంగా తయారైంది" అన్న పాతకాలం ఆటగాళ్లూ ఉన్నారు. చివరికి 2014లో రూల్ వచ్చింది. కావాలని దారి మళ్లి క్యాచర్‌ని గుద్దకూడదు, క్యాచర్ కూడా చేతిలో బంతి లేకుండా దారి మూసేయకూడదు. ఆ రూల్ సరైనదేనని నా అభిప్రాయం. దాని కోసం మాట్లాడిన మనిషికి ఆ దెబ్బ ఎలా ఉంటుందో ఒంటికి తెలుసు.

ఆట మానేశాక ఆయన నేరుగా పెద్ద కుర్చీ ఎక్కలేదు. 1989లో స్పోకేన్ అనే ఊరి జట్టుతో మొదలుపెట్టాడు. మైనర్ లీగ్‌లో అది కింది మెట్లలో ఒకటి, కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కుర్రాళ్లు. ఆ ఏడాదే లీగ్ గెలిపించాడు. అక్కణ్నించి రివర్‌సైడ్, హై డెజర్ట్, విచిటా. బస్సు ప్రయాణాలు, చవక హోటళ్లు. 1993లో పాడ్రేస్ వాళ్లు థర్డ్ బేస్ కోచ్‌గా పిలిచారు. రన్నర్ని హోమ్‌కి పరుగెత్తమనాలా, ఆపాలా అని క్షణంలో చెప్పే పని అది. నిజానికి కోచ్ అనే పేరుతో మేజర్ లీగ్‌లో ఆయన ఉన్నది ఆ రెండేళ్లే. నలభై నిండకముందే మేనేజర్ని చేశారు.

మరి రెండో క్యాచర్‌గా కూర్చున్నందువల్ల ఆయనకి ఏం వచ్చింది? "బెంచీ మీద కూర్చుంటే ఓపిక వస్తుంది, ఓపిక ఉంటే కోచ్ అవుతాం" అని ఒక మాట వింటుంటాం. నేను నమ్మను. బెంచీ మీద కూర్చుని చేదెక్కిపోయినవాళ్లే ఎక్కువ. మీకూ తెలుసు, ప్రతి జట్టులో ఒకడుంటాడు, నీళ్ల బాటిల్ పట్టుకుని "నన్ను ఆడించి ఉంటేనా" అంటూ. నా లెక్కలో ఆయనకి రెండు వచ్చాయి. పిచర్ అలిసిపోయాడో లేదో మొహం చూడకుండా చెప్పగలగడం ఒకటి. "ఇవాళ నువ్వు ఆడట్లేదు" అనే మాట వినేవాడికి ఎలా ఉంటుందో తెలియడం రెండోది. మేనేజర్ ఉద్యోగంలో రోజూ వాడే పనిముట్లు ఈ రెండే.

రెండోదాని గురించి ముందు చెప్తాను. జెయింట్స్‌లో బ్యారీ జీటో అనే పిచర్ ఉండేవాడు. ఏడేళ్లకి 126 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు. అప్పటికి ఏ పిచర్‌కీ అంత ఇవ్వలేదు. 2010లో జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. బోచీ జీటోని జాబితాలోంచే తీసేశాడు. మూడు రౌండ్లూ అంతే. అంత జీతగాణ్ని పక్కనపెట్టాలంటే యజమానులకి చెప్పాలి, పత్రికలకి చెప్పాలి. అన్నిటికన్నా ముందు అతనికి చెప్పాలి. జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది, జీటో ఒక్క బంతి వేయకుండా.

ఇక్కడితో ఆపేస్తే ఇది కఠినమైన కోచ్ కథ అయిపోతుంది. 2012 చూడండి. సెయింట్ లూయిస్‌తో ఏడు ఆటల సిరీస్, జెయింట్స్ 3-1తో వెనకబడింది. ఇంకో ఆట ఓడితే ఇంటికే. ఐదో ఆటకి బోచీ బంతి ఇచ్చింది జీటోకి. జీటో ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా ఒక్క పరుగు ఇవ్వలేదు, 5-0తో గెలిచారు. సిరీస్ కూడా గెలిచారు. వరల్డ్ సిరీస్ మొదటి ఆట మళ్లీ జీటోకే. ఎదుట డెట్రాయిట్ పిచర్ జస్టిన్ వెర్లాండర్. ఆ రోజుల్లో అతనంత భయపెట్టే పిచర్ లేడు. అదీ గెలిచారు. రెండేళ్ల కిందట తనని వద్దన్న మేనేజర్ కోసం ఒక మనిషి అలా వేశాడంటే, వద్దన్నప్పుడు ఆ మాట చెప్పిన తీరులో ఏదో మర్యాద ఉండి ఉండాలి. ఆ గదిలో నేను లేను, ఇది నా ఊహ.

అదే ఏడాది టిమ్ లిన్సెకమ్ కథ దీనికి తిరగేసింది. 2008, 2009ల్లో వరసగా లీగ్‌లో మేటి పిచర్‌గా సై యంగ్ అవార్డు తీసుకున్నవాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పిల్లలంతా అతని జెర్సీలే వేసుకునేవారు. 2012లో ఫామ్ పోయింది. ప్లేఆఫ్స్‌లో అతన్ని బుల్‌పెన్‌కి పంపాడు, అంటే మధ్యలో వచ్చి ఒకటి రెండు ఇన్నింగ్స్ వేసే పని. సూపర్‌స్టార్‌కి అవమానం అనుకోవచ్చు. లిన్సెకమ్ వచ్చి అద్భుతంగా వేశాడు.

క్యాచర్ల విషయంలోనూ అంతే. 2010 మధ్యలో అనుభవజ్ఞుడు బెంజీ మోలినాని జెయింట్స్ యాజమాన్యం టెక్సస్ రేంజర్స్‌కి మార్చేసి, 23 ఏళ్ల పోసీకి చోటిచ్చింది. తమాషా ఏంటంటే ఆ అక్టోబర్‌లో వరల్డ్ సిరీస్‌లో ఎదురొచ్చింది ఆ రేంజర్సే, క్యాచర్ ఆ మోలినానే.

ఇక మొదటి విషయం, పిచర్ అలసట. ఏ పిచర్‌ని అడిగినా "బాగానే ఉన్నాను" అంటాడు. బౌలర్లూ అంతేగా? బుల్‌పెన్‌లో వేల బంతులు పట్టినవాడికి నోటి మాట అక్కర్లేదు. బంతి గ్లవ్‌లో పడే తీరులోనే తెలిసిపోతుంది. 2014 అక్టోబర్ 29, కాన్సస్ సిటీ, వరల్డ్ సిరీస్ ఏడో ఆట. జెయింట్స్ ముఖ్య పిచర్ మాడిసన్ బమ్‌గార్నర్ మూడు రోజుల ముందే ఐదో ఆట మొత్తం ఒక్కడే వేసి ఒక్క పరుగు ఇవ్వలేదు. మామూలుగా అలా వేసినవాడు నాలుగైదు రోజులు బంతి ముట్టడు. మొదలుపెట్టిన టిమ్ హడ్సన్‌ని బోచీ రెండో ఇన్నింగ్స్ పూర్తికాకుండానే మార్చేశాడు. తర్వాత జెరెమీ అఫెల్ట్. ఐదో ఇన్నింగ్స్‌కి బమ్‌గార్నర్. స్కోరు 3-2, జెయింట్స్ ఆధిక్యం.

రెండు ఇన్నింగ్స్ వేస్తాడేమో అని కామెంటేటర్లు అనుకున్నారు. ఆరు అయింది, ఏడు అయింది, ఎనిమిది అయింది. వెనక బుల్‌పెన్‌లో మంచి పిచర్లున్నారు. బోచీ కదల్లేదు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యాక ఒక హిట్, దాని మీద ఫీల్డింగ్ పొరపాటు, రన్నర్ థర్డ్ బేస్‌కి చేరాడు. అప్పుడూ కదల్లేదు. చివరి బ్యాటర్ కొట్టింది గాల్లోకి లేచింది, థర్డ్ బేస్ పక్కన సాండొవల్ పట్టాడు. బమ్‌గార్నర్ వేసినవి ఐదు ఇన్నింగ్స్, 68 బంతులు, ఇచ్చిన పరుగులు సున్నా. మేనేజర్ గొప్పదనం పిచర్ని మార్చడంలో ఉందని టీవీ వాళ్లు అంటుంటారు. ఆ రాత్రి చేసిన గొప్ప పని మార్చకపోవడం.

ఇలా చెప్పుకుంటూ పోతే బోచీ దేవుడైపోతాడు. అందుకే ఇంకో లెక్క కూడా చెప్పాలి. పాడ్రేస్‌తో 12 సీజన్లలో గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ. 1998లో వరల్డ్ సిరీస్‌కి తీసుకెళ్తే యాంకీస్ 4-0తో ఊడ్చేశారు. జెయింట్స్‌తో మూడు టైటిళ్లు గెలిచిన అదే మనిషి 2017లో 98 ఆటలు ఓడాడు. మొత్తం కెరీర్ రెగ్యులర్ సీజన్ లెక్క తీస్తే 2,252 గెలుపులు, 2,266 ఓటములు. మీరు విన్నది నిజమే, నాలుగు వరల్డ్ సిరీస్‌లు గెలిచినాయన ఓడిన ఆటలే ఎక్కువ. చేతిలో పిచర్లు లేనప్పుడు ఎంత తెలివైన మేనేజరైనా వంట సరుకుల్లేని వంటవాడే. కోచ్ మార్చితే జట్టు బాగుపడుతుంది అనుకునే మన అసోసియేషన్ల పెద్దలు ఈ లెక్క ఒకసారి చూడాలి. (చప్పట్లు) పెద్దలు వెళ్లిపోయినట్టున్నారు కాబట్టి ధైర్యంగా అంటున్నాను. (నవ్వులు)

2019లో రిటైర్ అయ్యాడు. 2022లో తాను పుట్టిన దేశం ఫ్రాన్స్ జట్టుకి వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ అనే దేశాల టోర్నీ క్వాలిఫయర్లలో మేనేజర్‌గా వెళ్లాడు. అక్కడ బేస్‌బాల్ ఆడేవాళ్లే తక్కువ. ఆ తర్వాత రేంజర్స్ పిలిచారు. ముందు ఏడాది 94 ఆటలు ఓడిన జట్టు అది. 2023 అక్టోబర్‌లో హ్యూస్టన్‌తో, అంటే తన మొదటి జట్టుతోనే, ప్లేఆఫ్ సిరీస్ ఐదో ఆట. ఆధిక్యంలో ఉండగా ఆట చివర్లో హోసే లెక్లెర్క్‌కి బంతి ఇచ్చాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో హ్యూస్టన్ బ్యాటర్ అల్టూవే మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు, ఆట పోయింది, సిరీస్‌లో 3-2తో వెనకబడ్డారు. మన దగ్గరైతే ఆ కుర్రాడి మొహం మళ్లీ ఎవరూ చూడరు. తర్వాతి ఆటలోనే, ఇరుకైన పరిస్థితిలో, బోచీ మళ్లీ లెక్లెర్క్‌నే పిలిచాడు. బయటపడ్డారు. ఏడో ఆట గెలిచారు. ఆ ప్లేఆఫ్స్‌లో బయటి ఊళ్లలో ఆడిన 11 ఆటలకి 11 గెలిచారు. టైటిల్ ఖాయమైంది కూడా అరిజోనాలోనే.

నేను చెప్పాలనుకున్నవి ఇవే. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, ఇలా రెండో క్యాచర్ నుంచి వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారా, ఈయనొక్కడేనా?

చాలామంది ఉన్నారు. డేవిడ్ రాస్ 2016లో కబ్స్ గెలిచినప్పుడు 39 ఏళ్ల రిజర్వ్ క్యాచర్, తర్వాత అదే జట్టుకి మేనేజర్. ఇప్పుడు క్లీవ్‌లాండ్ మేనేజర్ స్టీఫెన్ వోట్ కథ ఇంకా సరదాగా ఉంటుంది. మేజర్ లీగ్‌కి వచ్చాక మొదటి 32 ప్రయత్నాల్లో ఒక్క హిట్ లేదు. మొదటి హిట్టే హోమ్ రన్. అతను పూర్తిగా రెండో క్యాచర్ అనలేం, రెండుసార్లు ఆల్‌స్టార్ కూడా అయ్యాడు. 2022లో ఆట ఆపాడు, 2023లో సియాటిల్‌లో బుల్‌పెన్ కోచ్, 2024లో మేనేజర్. 2024, 2025 రెండేళ్లూ అమెరికన్ లీగ్‌లో ఉత్తమ మేనేజర్ అవార్డు అతనిదే. మన గుంటూరు ఎం.ఎస్.కె. ప్రసాద్ గారు ఆడింది 6 టెస్టులు, 17 వన్డేలు, తర్వాత చీఫ్ సెలెక్టర్ అయ్యారు. అది కోచింగ్ కాదు గానీ, ఎవరిని పక్కనపెట్టాలో తేల్చే ఉద్యోగమే.

ప్రశ్న: మా కాలేజీ జట్టులో రెండో కీపర్ ఉన్నాడు సార్. ఏడాదంతా డ్రింక్స్ మోయడమే. వాణ్ని ఏం చేయమంటారు?

నెట్స్‌లో మీ ముఖ్య బౌలర్ల దగ్గర వాడినే కీపింగ్‌కి పెట్టండి, చివర్లో మిగిలినవాళ్ల దగ్గర వద్దు. బౌలర్లతో మాట్లాడేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. ఎవరి చెయ్యి ఎన్నో ఓవర్‌కి దిగుతోందో నోట్‌బుక్‌లో రాయమనండి, సాయంత్రం అది నిజంగా చదవండి. చదవకపోతే వాడికి తెలిసిపోతుంది. ఆడించని రోజు జాబితా గోడకి అంటించక ముందే మీరే వెళ్లి చెప్పండి. వాట్సాప్‌లో చెప్పొద్దు. ఆ అబ్బాయి వచ్చాడా ఇవాళ? వెనక నిలబడ్డాడా? సరే, భోజనాల దగ్గర నా పక్కన కూర్చోమనండి. మీ బౌలర్ల సంగతి మీకన్నా వాడే బాగా చెప్తాడు.